ఆ పదకొండు పేజీలు

ఉదయం తొమ్మిది నుంచి పది వరకు మా ఇంట్లో రాత సమయం. ఈ మాటను ఫ్రిజ్ తలుపు మీద, భోజనాల బల్ల పక్కన గోడ మీద, మా అమ్మాయి ఆఫీసు పని చేసుకునే గది బయట, మూడు చోట్ల స్పష్టంగా రాసి అంటించాను. అయినా కెనడాలోని ఈ ఎడ్మంటన్‌లో మా ఇంటి తలుపు తట్టవలసిన వాళ్ళందరికీ సరిగ్గా ఆ వేళే ఎలా దొరుకుతుందో నాకు నేటికీ అర్థం కాదు.

రాసేది రామకోటి. అది నా భార్య పెట్టుకున్న వ్రతం. పద్నాలుగేళ్ళుగా ఆమె రోజూ స్నానం చేసి, కాఫీ తాగి, బల్ల ముందు కూర్చుని ఒక్కో గడిలో ఒక్కోసారి ‘శ్రీరామ’ అని రాస్తూ వచ్చింది. కోటిసార్లు రాయాలన్నది సంకల్పం. పేజీకి నూట ఎనిమిది గళ్ళు అచ్చువేసిన ఆ పుస్తకాలు ఇక్కడ దొరకవు. హైదరాబాదు నుంచి ఎవరు విమానం ఎక్కినా, వాళ్ళ పెట్టెలో ఆవకాయ కంటే ముందు ఈ పుస్తకాలకు చోటు అడిగేవాళ్ళం. నాకు అంతటి భక్తి లేదు. సర్వే శాఖలో ముప్ఫై ఏళ్ళకు పైగా భూమి రికార్డులు చూసినవాణ్ణి. ఏ పుస్తకం ఏ రోజు మొదలైంది, ఏ రోజు ముగిసింది అన్న లెక్క మాత్రం నేను రాసి పెట్టేవాణ్ణి.

రెండేళ్ళ క్రితం ఆమె కంటి వెనక పొర మధ్యభాగం దెబ్బతింటోందని డాక్టరు చెప్పాడు. ఆ జబ్బులో చుట్టూ ఉన్నది మసకగా తెలుస్తుంది, సూటిగా చూసినది మాత్రం కనబడదు. ముందు గళ్ళ గీతలు వంకరపోయాయి. కొన్నాళ్ళకు గళ్ళే మాయమయ్యాయి. ఇంజెక్షన్లతో వేగం తగ్గించగలం గాని పోయిన చూపును తేలేమని డాక్టరు అన్నాడు. కారులో ఇంటికి వస్తున్నప్పుడు ఆమె అడిగింది ఒక్కటే.

"ఏమండీ, ఇక నా రాత ఆగిపోయినట్టేనా?"

"ఆగదు. నువ్వు చెప్పు, నేను రాస్తాను" అన్నాను.

అలా మొదలైంది. ఆమె ఒక్కో నామం పైకి చెప్పేది, నేను గడిలో రాసేవాణ్ణి. ఆమె పెట్టిన నియమం కూడా ఒకటే: వరస మధ్యలో ఇంకో మాట దొర్లితే ఆ వరస కొట్టివేసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆలోచించకుండా ఒప్పుకున్నాను. మా ఇంట్లో ఒక వరస నిర్విఘ్నంగా సాగడం ఎంత కష్టమో అప్పటికి నాకు తెలియదు.

పది రోజులు ఓర్చుకుని, అంతరాయాల కోసం ఒక రిజిస్టరు తెరిచాను. తేదీ, సమయం, కారణం, బాధ్యులు, పాడైన వరసలు. తొమ్మిదీ పన్నెండు, తలుపు గంట, పార్సెల్, అదీ పక్కింటివారిది. తొమ్మిదీ ఇరవై ఆరు, బట్టలుతికే మెషీన్ పని ముగించి పాట పాడింది. యంత్రం తన పని తాను చేసి పాట పాడడమెందుకు? తొమ్మిదిన్నరకు రాజమండ్రి నుంచి మా ఆవిడ చెల్లెలు వీడియో కాల్. అక్కడ రాత్రి భోజనాలైపోయాయి కనుక ఇక్కడ మేము ఖాళీగా ఉంటామని ఆమె ధీమా. తొమ్మిదీ నలభై, అమ్మాయి ఆఫీసు మీటింగులో పెద్దగా నవ్వు. ప్రతి ఆదివారం ఈ రిజిస్టరు చదివి వినిపించేవాణ్ణి.

"నాన్నా, ఇందులో నా పేరు పద్నాలుగు సార్లుంది" అంది అమ్మాయి. "ఇంట్లో ఊపిరి కూడా మ్యూట్‌లో పెట్టుకుని పీల్చాలా?"

అల్లుడు ఒక చమురు కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "మావయ్యగారూ, ఒక్కసారి టైప్ చేసి కాపీ పేస్ట్ కొట్టేస్తే లంచ్ టైముకి కోటి అయిపోతుంది కదా?" అన్నాడు.

"నీ ఉద్యోగం కూడా అలాగే చెయ్యి నాయనా."

"చేసేది అదేనండీ" అని ప్లేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ రిజిస్టరు తిరగేస్తే, నేను నమోదు చేయనివే ఎక్కువ కనిపిస్తున్నాయి. అమ్మాయి చెప్పాపెట్టకుండా తన బల్లను బేస్‌మెంట్‌కు మార్చుకుంది; అక్కడ చలికి కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు వేసుకుని కూర్చునేది. అల్లుడు ఒక శనివారమంతా వెతికి మెషీన్ పాట ఆపే మీట కనిపెట్టాడు, పార్సెళ్ళ కోసం గుమ్మం బయట పెద్ద పెట్టె బిగించాడు. నిందకు గడి గీసినవాణ్ణి, వీటికి ఒక్క గడి గీయలేదు. ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను.

ఇంత చేసినా ఆ చలికాలానికి మేము బాగా వెనకబడ్డాం. ఆమె చూపున్న రోజుల్లో నెలకు ఎన్ని పేజీలయ్యేవో, ఇప్పుడు ఎన్నవుతున్నాయో నా దగ్గర పక్కపక్కనే ఉన్నాయి. ఆ తేడా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఫిబ్రవరిలో ఒక రోజు అమ్మాయి వాళ్ళమ్మను చూపు తక్కువైనవారి క్లినిక్‌కు తీసుకువెళ్ళింది. ఇల్లంతా నిశ్శబ్దం. తలుపు గంట లేదు, ఫోను లేదు. నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. వాళ్ళు తిరిగి వచ్చేలోపు పదకొండు పేజీలు నింపాను. ఒక్క కొట్టివేత లేదు. అంత శుభ్రమైన పని చేసి ఎన్నేళ్ళయిందో అనుకున్నాను కూడా.

మర్నాడు ఉదయం ఆమె ఎప్పటిలాగే అడిగింది. "ఎన్నో పేజీ?"

"అరవై నాలుగు."

"నిన్నటికి యాభై రెండు. ఇవాళ యాభై మూడు కదండీ కావాలి?"

చెప్పాను. నువ్వు లేనప్పుడు రాశాను, ఎలాగూ చేతిరాత నాదే కదా అన్నాను.

"నేను చెప్పకుండా రాస్తే అవి నావెలా అవుతాయి?"

"నీ కోసమే రాశాను. నడుము పట్టేసేదాకా రాశాను!"

"పేజీలు నిండలేదని నేనెప్పుడైనా ఏడ్చానా? ఆ పదకొండూ మీవి. మీ పేరు మీద పెట్టుకోండి."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఒకరి ఖాతాలో ఇంకొకరు నమోదు చేసినందుకు నా కింది ఉద్యోగులను నిలబెట్టి చీవాట్లు పెట్టినవాణ్ణి, నేనే ఆ పని చేశానని అర్థమయ్యాక ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

ఆ మర్నాడు తొమ్మిదింటికి ఆమె బల్ల దగ్గరకు రాలేదు. ఆ తర్వాత రోజు కూడా రాలేదు. పురుళ్ళకు, చావులకు, ఖండాలు దాటి వచ్చిన ప్రయాణానికి కూడా ఆగని రాత ఆగింది. నాలుగు రోజులు నా లెక్కల పుస్తకంలో ‘లేదు’ అని రాశాను. అమ్మాయి మెట్లెక్కి వచ్చి, మా ఇద్దరినీ చూసి దిగిపోయేది. చదివి వినిపించడానికి ఆ ఆదివారం రిజిస్టరులో అంతరాయాలేవీ లేవు.

అయిదో రోజు ఆమె తన హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని తడుముతోంది.

"ఆ క్లినిక్ అమ్మాయి నాకొక నల్ల అట్ట ఇచ్చింది, సంతకాలు పెట్టుకోమని. ఎక్కడ పెట్టానో..."

అట్ట దొరికింది. పోస్టుకార్డంత ప్లాస్టిక్ ముక్క, మధ్యలో ఒక సన్నని కిటికీ. కాగితం మీద పెట్టి, ఆ కిటికీలో వేలితో దారి చూసుకుంటూ రాస్తే కలం పక్కకు పోదు. క్లినిక్‌లో ఆ యువతి గంటసేపు చెయ్యి పట్టుకుని సాధన చేయించిందట. నన్ను ఒక్క మాట అడగకుండా, నా భార్యను అడిగి, ఆమెకు ఏం కావాలో తెలుసుకున్న ఆ యువతికి నేను రుణపడి ఉన్నాను. ఇంత కాలం నేను కలం నా చేతిలోకి తీసుకోవడమే సాయమనుకున్నాను.

మా అమ్మాయి తను బొమ్మలు వేసుకునే పెద్ద తెల్ల కాగితాల పుస్తకం, లావు ములికి నల్ల పెన్ను తెచ్చింది. అచ్చు గళ్ళ పుస్తకాలు ఇక ఆమెకు పనికిరావు; నా పదకొండు పేజీలున్న పుస్తకమూ, తెరవని నాలుగూ నా వంతుకు వచ్చాయి. ఆమెకెదురుగా కూర్చుని నేనూ రాయడం మొదలుపెట్టాను. భక్తి కుదిరిందని చెప్పను. కాని ఆ సమయంలో ఇప్పుడు తలుపు గంట మోగినా నాకు వినిపించడం తగ్గింది.

మొదటి రోజే అలవాటు కొద్దీ లెక్క కట్టాను. "ఈ వేగంతో కోటి పూర్తి కావాలంటే..."

"ఆ లెక్క మీ దగ్గరే ఉంచుకోండి" అంది, అట్టను కిందికి జరుపుతూ. నుదుట చెమట పట్టింది. చూపుడువేలు కిటికీ అంచు వదలలేదు. పది కొట్టేసరికి పెన్ను మూత పెట్టింది.

"ఎన్నయ్యాయండీ?"

చూసి చెప్పాను. "ఏడు."

"ఎనిమిది."

"ఏడే. రెండుసార్లు లెక్కపెట్టాను."

"రాసింది నేను. ఎనిమిది."

కాగితం గది కిటికీ వెలుగుకు పట్టుకుని మళ్ళీ చూశాను. మూడో వరసలో అట్ట జరగలేదు. ఒక నామం మీదనే ఇంకో నామం పడింది. గీతలు, గుండ్రాలు కలిసిపోయి నల్లటి ముద్దలా ఉంది. పట్టి చూస్తే రెండూ ఉన్నాయి. లెక్కల పుస్తకంలో ఆమె పేరు మీద ఎనిమిది అని రాసుకున్నాను.