మా అమ్మ చేతికి కట్టిన గుడ్డ

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కు తిరిగే మలుపులో మా అమ్మ విగ్రహం ఉంది. గడిచిన అసెంబ్లీ ఎన్నికలప్పుడు దానికి తల నుంచి నడుము దాకా గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ తాడుతో బిగించారు. ముందుకు చాచిన చేతికి వేరే గుడ్డ. దూరం నుంచి చూస్తే కాలిన ఒంటికి కట్టు కట్టినట్టు ఉండేది.

ఎలక్షన్ కోడ్ వస్తే నాయకుల విగ్రహాలకు ముసుగు వేయడం మన దగ్గర ఉన్నదే. ఓట్లు పడేదాకా వాళ్ళ ముఖాలు, పార్టీ గుర్తులు జనం కంట పడకూడదు. నాకు దాని మీద అభ్యంతరం లేదు. కొందరిని ఆ తర్వాత కూడా అలాగే ఉంచితే ఇంకా సంతోషిస్తాను. కానీ మా అమ్మ ఎప్పుడూ ఎవరినీ ఓటు అడగలేదు. నారాయణగూడలో ఒక బడిలో ఆయాగా పనిచేసి, అక్కడే రిటైరైంది.

ఆమె పాలమూరు నుంచి కూలికి వచ్చిన మనిషి. ఆ బడి కొత్త గదులకు ఇటుకలు మోసింది. గదులు పూర్తయ్యాక వాటిని ఊడ్చే పని ఆమెకే ఇచ్చారు. గంట కొట్టే వేళకు చీపురు పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపి, నడిరోడ్డు మీదికి వెళ్ళేది. చెయ్యి చాచేది. బస్సులు ఆగేవి. అది ఆమె ఉద్యోగం కాదు, ఎవరూ చెప్పలేదు. ఒకసారి ఒక బస్సు డ్రైవరు హారన్ ఆపకుండా కొడుతుంటే చెయ్యి దించకుండానే అరిచింది: "ఏందిర, గంత తొందర? నీ బస్సుకేమన్న లగ్గమా? పిల్లగాండ్లు పోతున్రు, కండ్లు కనబడ్తలేవా?" లోపల కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

నేనూ ఆ బడిలోనే చదివాను. నాకు ఒక పేరుంది. హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరూ దాన్ని వాడలేదు. "ఆయమ్మ బిడ్డ, నీళ్ళు తీసుకురా." "ఆయమ్మ బిడ్డ, నువ్వు వెనక కూర్చో." ఎవరు ఏ రోజు ఎక్కడ నిలబడి అన్నారో నాకు ఇప్పటికీ గుర్తే. మరిచిపోతే మనశ్శాంతి అని చాలామంది చెప్పారు. నాకు మనశ్శాంతి కంటే లెక్క సరిగ్గా ఉండటం ముఖ్యం.

సెలవు రోజుల్లో అమ్మ నన్ను లోయర్ ట్యాంక్ బండ్ మీదుగా నడిపించుకుంటూ చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళేది. అక్కడ వరసగా ఉన్న విగ్రహాల ముందు ఆగి, కింద రాసింది చదవమనేది. రాజు అని చదివితే, "అది సరే, పనేం జేసిండు?" అని అడిగేది. కవి అంటే తల ఊపేది. ఆడవాళ్ళ విగ్రహాలు వచ్చినప్పుడు మాత్రం కాస్త ఎక్కువసేపు నిలబడేది. ఒకసారి, "గింత ఎత్తుల నిలవెడితె ఎండకు తల తిరగదా ఆమెకు?" అంది. నేను నవ్వితే మొట్టికాయ వేసింది.

మా పేటల్లోనూ విగ్రహాలకు కొదవ లేదు. ప్రతి కూడలిలో ఎవరో ఒకరు వేలు చూపిస్తూ ఉంటారు. ఒక కూడలిలో పైవంతెన కట్టాక అక్కడి ఒకాయన వేలు సూటిగా వంతెన అడుగుకు వచ్చింది. అక్కడ పావురాలు ఉన్నాయని చెబుతున్నట్టుంటుంది. జయంతికి రంగు వేస్తారు, వర్ధంతికి దండ వేస్తారు, మిగతా రోజుల్లో వాళ్ళ కింద ఆటోలు ఆగుతాయి. విగ్రహం అంటే చనిపోయినవాళ్ళ గౌరవం కోసం పెట్టేదని నేను చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను. దిమ్మె మీద ఎవరు నిలబడ్డారో చూడటం దండగ. దిమ్మెకు అతికించిన రాతి ఫలకం చదవాలి.

మా అమ్మ పోయాక పూర్వ విద్యార్థులు కొందరు కలిసి విగ్రహం పెడదామన్నారు. వాళ్ళకు పెద్ద ఒక ఆయన ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, అది ఆయన మరిచిపోలేదు. ఒక ఆయాకు విగ్రహం పెట్టాలనే ఆలోచన ఈ నగరంలో ఇంకెవరికీ రాలేదు, ఆయనకే వచ్చింది. ఈ మంచి ముందే చెబుతున్నాను, తర్వాత చెప్పడానికి వీలుండదు.

విగ్రహాలు చేసే షెడ్డుకు నన్నూ తీసుకెళ్ళారు. అక్కడ శిల్పి దగ్గర ఆడ నాయకురాలి అచ్చు ఒకటి సిద్ధంగా ఉంది. ఒళ్ళు దాంతో పోసి, ముఖం మాత్రం ఫొటో చూసి చేస్తానన్నాడు. అందుకే మా అమ్మ భుజం మీద ఇప్పటికీ మడతలు పెట్టిన కొంగు ఉంటుంది, ఆమె జన్మలో అలా కట్టలేదు. ఆ గొడవలో నేను ఓడిపోయాను. చేతి దగ్గర ఓడిపోలేదు. అతను చెయ్యి పైకెత్తి దీవిస్తున్నట్టు పెడతానన్నాడు.

"మా అమ్మ ఎవరినీ దీవించలేదు, ఆపింది," అన్నాను. "చెయ్యి ముందుకు రావాలి. అరచెయ్యి నిటారుగా. వేళ్ళు కలిపి."

"గట్ల పెడితే ముంగటికి బరువు పడ్తదక్కా. ఇనుప చువ్వ ఎక్కువ పడ్తది."

"పడనీ."

అతను నేను చెప్పినదానికి తలూపి అలాగే చేశాడు. సిమెంటు ముద్దలో నుంచి ఆ అరచెయ్యి బయటికి వచ్చిన రోజు నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ చెయ్యి ఒక్కటే పూర్తిగా మా అమ్మది.

ఆవిష్కరణకు ఎమ్మెల్యే వచ్చారు. నన్ను దాతల వెనక వరసలో కూర్చోబెట్టారు. ముసుగు లాగాక దగ్గరికి వెళ్ళి ఫలకం చదివాను. పైన ఎమ్మెల్యే పేరు, వేలెడంత అక్షరాలు. తర్వాత కమిటీ పెద్ద పేరు, సభ్యుల పేర్లు, దాతల పేర్లు. అన్నిటికంటే కింద, గడ్డి మొలిస్తే మూసుకుపోయే చోట: ఆయమ్మ విగ్రహం.

"అమ్మ పేరేదండీ?" అని పెద్దాయనను అడిగాను.

"అందరూ ఆయమ్మ అనే కదమ్మా పిలిచేవాళ్ళు? పేరు వేస్తే ఎవరికి తెలుస్తుంది చెప్పు?" అని, పక్కనున్న ఎమ్మెల్యేకు నన్ను పరిచయం చేశాడు: "ఈవిడ మన ఆయమ్మ కూతురండీ."

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లోనే గుడ్డ కట్టారు. వార్డు ఆఫీసుకు వెళ్ళి, ఆయాకు ఎందుకు ముసుగు వేశారని అడిగాను. అక్కడున్న ఉద్యోగి మర్యాదస్థుడే, కుర్చీ చూపించాడు.

"ఆయాదా మేడం? మాకేం ఎరుక? రాయి మీద ఎమ్మెల్యే సాబ్ పేరుంది. ఆయన తల్లేమో అనుకున్నం. కొంగు జూస్తె లీడర్ లెక్కనే ఉంది. మీదికెళ్ళి చెయ్యి జూపిస్తుంది. చెయ్యి ఒక పార్టీ గుర్తు గద!"

"చెయ్యి గుర్తయితే దారిన పోయేవాళ్ళందరి చేతులకూ గుడ్డలు కట్టండి."

"మీరు జర నవ్విస్తరు మేడం," అన్నాడు. నేను నవ్వించడానికి అనలేదు.

ఫలితాలు వచ్చాయి. ఎవరి నాయకుడి విగ్రహం దగ్గరికి వాళ్ళ మనుషులు నిచ్చెనలు తెచ్చుకున్నారు. ముసుగులు తీసి పాలు పోశారు, టపాసులు కాల్చారు. మా అమ్మకు పార్టీ లేదు, కాబట్టి నిచ్చెన రాలేదు. గుడ్డ నల్లబడింది. మళ్ళీ వార్డు ఆఫీసుకు వెళ్ళాను.

"తియ్యొచ్చు మేడం. కని కార్పొరేషన్ ఎలక్షన్లు వస్తయంటున్రు. మళ్ళ కట్టాలె గద. అప్పటిదాంక ఉండనియ్యుండ్రి. అసలు గా చెయ్యి లేకుంటె పరేషానే లేకుండె."

ఈ మాట కమిటీ పెద్దాయన చెవిన పడింది. రెండో రోజు పొద్దున నాకు ఫోన్ చేశాడు.

"శిల్పితో మాట్లాడానమ్మా. సోమవారం వచ్చి ఆ చెయ్యి మోచేతి దాకా తీసేసి, మడిచిన చెయ్యి పెడతాడు. చేతిలో ఓ పుస్తకం పెట్టిద్దాం. బడి మనిషి కదా, బావుంటుంది."

"మా అమ్మకు చదువు రాదండీ."

"ఎవరు చూడొచ్చారు? జీవితాంతం ముసుగులో ఉండటం కంటే నయం కదమ్మా? పట్టుదలకి పోతే ఎలా?"

ఫోన్ పెట్టేశాను. సోమవారం తెల్లారగానే ఇంట్లో ఉన్న పెద్ద కత్తెర తీసుకుని మలుపు దగ్గరికి నడిచాను. అక్కడి టీ కొట్టు దగ్గర ఎప్పుడూ పోటీ పరీక్షల పిల్లలు ఉంటారు. అశోక్‌నగర్ అంతా వాళ్ళే. టీ కొట్టతన్ని నిచ్చెన అడిగితే ఇచ్చాడు. ఇద్దరమ్మాయిలు గ్లాసులు పక్కన పెట్టి వచ్చి నిచ్చెన పట్టుకున్నారు.

"ఎవరక్కా ఈమె?" అని ఒక అమ్మాయి అడిగింది. "మా సిలబస్‌ల లేదు."

"అది మీ సిలబస్ తప్పు."

తాడు కోశాను. గుడ్డ జారి కింద పడింది. ముఖం మీద దుమ్ము, కంటి దగ్గర సాలెగూడు. నా కొంగుతో తుడిచాను. తర్వాత దిగి, దిమ్మె అంచు మీద కూర్చున్నాను. శిల్పి ఉలి, సుత్తి పట్టుకుని వచ్చాడు. వెనకాలే పెద్దాయన.

"దిగమ్మా, నలుగురూ చూస్తున్నారు," అన్నాడు పెద్దాయన.

"చూడనివ్వండి. ఈ చెయ్యి మిమ్మల్ని రోడ్డు దాటించింది. మీరే నరికిస్తామంటే ముందు ఆ మాట వీళ్ళందరికీ గట్టిగా చెప్పండి."

ఆయన టీ కొట్టు దగ్గర మూగినవాళ్ళను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. శిల్పి ఆయన వంక చూసి, నా వంక చూసి, సుత్తి సంచిలో వేసుకున్నాడు. "నాకు గీ పంచాయితి వద్దు సార్. చేసిందే నేను, నన్నే కొట్టమంటరా?" అని వెళ్ళి టీ చెప్పుకున్నాడు.

కార్పొరేషన్ ఎన్నికల కోడ్ వచ్చింది. వస్తుందని తెలుసు కాబట్టి నేను కాచుకుని ఉన్నాను. వార్డు ఆఫీసు ఉద్యోగి ఇద్దరు మనుషులతో, కొత్త గుడ్డతో వచ్చాడు. నన్ను చూడగానే నిట్టూర్చాడు.

"మళ్ళ మీరేనా మేడం?"

"నారాయణగూడ మార్కెట్ దగ్గర నాయకుల పేర్లున్న ఫలకాలకు కాగితాలు అంటిస్తున్నారు. నిన్న చూశాను. పేర్లు కూడా మూయాలి కదా?"

"మూయాలె. రూల్ ఉంది."

"మరి ఇక్కడ నాయకుడు ఎక్కడున్నాడు? పైనా, రాయి మీదా?"

ఆయన ఫలకం చూశాడు. విగ్రహం చూశాడు. ఫోన్ తీసి ఎవరితోనో పక్కకు వెళ్ళి మాట్లాడాడు. టీ కొట్టు దగ్గర పిల్లలు లేచి దగ్గరికి వచ్చారు. "సార్, ఆయమ్మ ఇండిపెండెంటా?" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. ఉద్యోగి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"రాయికి కాగితం అంటియ్యుండ్రి," అని తన మనుషులకు చెప్పాడు. "బొమ్మను ముట్టకుండ్రి. ఈ మేడంతోని నాతోని కాదు."

ఎమ్మెల్యే పేరు, పెద్దాయన పేరు, సభ్యులు, దాతలు, అందరి మీదా తెల్ల కాగితం పడింది. జిగురు ఆరాక, నిచ్చెన పట్టుకున్న అమ్మాయి దగ్గర లావు స్కెచ్ పెన్ను తీసుకుని, ఆ కాగితం మీద అమ్మ పేరు రాశాను. వేలెడంత అక్షరాలతో. దాని కింద: బడి ఆయా.

ఎన్నికలు అయిపోయాయి. పెద్దాయన ఇప్పటికి చాలాసార్లు ఫోన్ చేశాడు, కాగితం తీయిస్తే బావుంటుందని, దాతలు బాధపడుతున్నారని. బాధపడటం నాకు తెలియని పని కాదు, వాళ్ళూ అలవాటు చేసుకోవాలి. వానకు కాగితం ఊడినప్పుడల్లా నేను మైదా ఉడకబెట్టి కొత్తది అంటిస్తున్నాను. ఇవాళ పొద్దున కూడా అంటించి వచ్చాను, వేళ్ళకు ఇంకా జిగురుంది.

ఆమె పేరేమిటని అడుగుతారేమో. ఇక్కడ రాయను. వచ్చి చదువుకోండి.