పది వాట్ల దరఖాస్తు

మా ఆదోని పత్తి మండీలో బేరం నోటితో జరిగేది కాదు. దళారీ వచ్చి మా నాయన చెయ్యి పట్టుకుని, పైన టవలు కప్పి, వేళ్ళు నొక్కి ధర చెప్పేవాడు. అడిగేవాడు ఎక్కువే అడుగుతాడు, ఒప్పుకునేవాడు తగ్గించే ఒప్పుకుంటాడు. పుట్టింది మొదలు చూసింది అదే కాబట్టి లోకమంతా అట్లాగే నడుస్తుందనుకున్నాను. ఆ వెధవ తెలివే మా చిన్నాయన కొంప ముంచింది. ఇన్నేళ్ళయినా తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ వైర్‌లెస్‌లో పనిచేసి వచ్చాడు. పెళ్ళి మాటెత్తితే చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. మండీలో కూర్చోబెడితే తూకం గాలికొదిలేసి ఎవరిదో పాత రేడియో విప్పుకుని కూర్చునేవాడు. యాభైల చివర్లో ఆయనకు చూపు మందగించింది. బళ్ళారి కంటి డాక్టరు లైటు వేసి చూసి, నరం ఎండిపోతోందనీ, ఇంకో ఏడాది, మహా అయితే ఏడాదిన్నర అనీ చెప్పేశాడు.

తిరుగు బస్సులో చిన్నాయన ఆదోని కొండల వైపు కళ్ళు చికిలించి చూశాడు. అప్పుడన్నాడు: "రేయ్, కండ్లు పోయేలోపల నేను సేసిన ఇమానం గాల్లో తిరుగుతాంటే సూడల్ల. అదొక్కటి సూస్తే సాలు."

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మండీ ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నేనే రాసేవాణ్ణి. చిన్నాయన దగ్గర ఇంగ్లండు సీమ నుంచి వచ్చిన పుస్తకం ఒకటి ఉండేది. కింద నిలబడి మీట నొక్కితే పైన విమానం తిరిగే విధానమంతా అందులో బొమ్మలతో సహా ఉంది. ఇంజను మద్రాసు నుంచి పార్సిల్లో తెప్పించాడు, పిడికిట్లో పట్టేంత. మీట నొక్కితే గాల్లోకి సంకేతం పంపే రేడియో సెట్టు పాత రేడియోల సామాన్లతో ఆయనే కట్టాడు. రెక్కలకు వెదురు ఈనెలు. పైన కప్పే గుడ్డ కోసం ఎమ్మిగనూరుకు పోయి, తెలిసిన మగ్గం ఆయనతో పలచగా నేయించుకున్నాం.

"యాటికన్నా ఇంత పల్చటిది? ఉయ్యాలకా?" అని ఆయన అడిగాడు.

"ఇమానానికప్పా" అన్నాడు చిన్నాయన.

"బాగుంది వరస! నేసేది నేను, ఎగిరేది నువ్వు" అని పడిపడి నవ్వాడు. ఆ గుడ్డకు గంజి పెట్టి ఆరేస్తే రెక్క డప్పులా బిగిసింది. ఇంజనుకు పోసేదాంట్లో ఆముదం కలపాలి. మా మిద్దె మీద నెల రోజులు కాలిన ఆముదం వాసనే. మా అమ్మ ముక్కు మూసుకుని తిట్టేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నా ప్రాణం లేచొస్తుంది.

అంతా తయారైంది. రేడియో సెట్టు వాడుకోవడానికి లైసెన్సే తక్కువ. సీమలో హద్దు ఐదు వాట్లని పుస్తకంలో ఉంది, మన దేశంలో ఎంతో మాకు తెలియదు. ఎంత పవరు కావాలో రాసి పై ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

"చిన్నాయనా, ఊరి బయట బీడులో మనల్నెవరు సూస్తారు? ఎగరేసేద్దాం" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. "నోర్ముయ్! గాలి మన మండీ అనుకున్న్యావా? పెద్ద ఇమానమోళ్ళు మాట్లాడుకునేది ఆ గాల్లోనే. కాగితం రానీ." తన సెట్టుకు మూడు వాట్లు చాలు, మూడనే రాయమన్నాడు.

ఇక్కడ నా తెలివి వినండి. మూడు అడిగితే ఒకటిన్నరకు తెగ్గొడతారని నా లెక్క. ఒకటిన్నరతో అయితే సంకేతం అందక విమానం చెయ్యి దాటిపోతుంది. అందుకని టైపు చేయించేటప్పుడు మూడు తీసి పది చేశాను. పది అడిగితే ఐదన్నా ఇవ్వరా? చిన్నాయన నా మీద నమ్మకంతో చదవకుండానే సంతకం పెట్టేశాడు.

గవర్నమెంటు టవలు కింద చెయ్యి పెట్టలేదు. ఐదు నెలలకు జాబు వచ్చింది. పది వాట్లు హద్దుకు మించినవి, అనుమతి లేదు, కావాలంటే మొదటి నుంచి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు అని. మన హద్దు కూడా ఐదేనట. మూడని రాసి ఉంటే ఆ టపాలోనే లైసెన్సు వచ్చి ఉండేది. "వివరాలు సాలవంట చిన్నాయనా, మళ్ళా రాయల్లంట" అని అబద్ధమాడి, జాబును బీరువాలో బట్టల కింద తోశాను.

"సరే, రాయి" అన్నాడు.

ఈసారి మూడనే రాశాను. మళ్ళీ నెలల తరబడి ఎదురుచూపు. ఈలోగా ఆయనకు గడియారం ముళ్ళు పోయాయి, తర్వాత మనుషుల మొహాలు పోయాయి. లైసెన్సు వచ్చిననాడు ఆ కాగితం ఎటు తిప్పి పట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. అంతకన్నా ఘోరం నా బతుకులో నేను చూడలేదు.

జొన్న కోసిన చేలు ఎమ్మిగనూరు దారిలో ఖాళీగా ఉండేవి. పొద్దున్నే జట్కాలో విమానం పెట్టుకుని పోయాం. ఇంజను ఆయనే వేలితో తిప్పి ముట్టించాడు, ఆ పనికి కళ్ళక్కర్లేదు. మీట నా చేతికిచ్చి, నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. విమానం జొన్న మోళ్ళ మీద ఎగిరెగిరి పడి, లేచింది!

"సద్దు సన్నబడతాంది, ఎడమకు తిప్పు... ఊ, వస్తాంది... వదులు" అని ఆయన చెవితో చెప్తుంటే నేను మీట నొక్కాను. మూడు చుట్లు తిరిగింది. పోసిన నూనె అయిపోయి ఇంజను ఆగింది. ఆయన భుజం వదల్లేదు.

"ఇప్పుడు యాడుంది?"

"దిగుతాంది చిన్నాయనా. మెల్లగా వస్తాంది... దిగింది. బాగుంది, యాడా ఇరగలేదు."

"ఎంత ఎత్తు పోయిందిరా?"

కొండ ఎత్తు పోయిందంటే ఆయన నమ్మేవాడు, సంతోషపడేవాడు. కానీ ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. "రెండు తాటిచెట్లంత" అన్నాను.

చిన్నాయన నవ్వాడు. "మూడును పది సేసినోనివి, ఎత్తు మాత్రం కొసరకుండా సెప్తాండావే?"

నేను బీరువాలో తోసిన జాబును ఆయన ఆ కొత్తలోనే తీసి, భూతద్దం పెట్టుకుని చదివాడట. చూపున్నన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు.

అక్కడే మోళ్ళలో కూలబడి ఆయన కాళ్ళు పట్టుకున్నాను. "నీ కండ్లు నేనే తిన్న్యాను చిన్నాయనా" అని పసివాడిలా ఏడ్చాను.

ఆయన వంగి నా తల మీద చెయ్యి పెట్టాడు. "లేయప్పా" అన్నాడు. "పోయి ఇమానం ఎత్తుకురా. ఇంకో తూరి ఎగరేద్దాం. ఈసారి ఎట్ల తిరుగుతాందో కొంచెం బాగా సూసి సెప్పు."