ఏసు పటం చూపించి నీళ్లు తాగని దళారి

ఇవాళ పొద్దున నరసరావుపేట నుంచి ఇళ్ల దళారి ఒకడు కారంపూడిలో మా ఇంటికి వచ్చాడు. మొగుడు పోయిన మా కూతురికి తోడుగా నడికుడిలో ఉండిపోదామని ఈ ఇల్లు అమ్మజూస్తున్నాను. ఇది అమ్ముడైతేనే మా ప్రయాణం.

వాడు వసారాలో కూర్చుని, తాను అమ్మించిన ఇళ్ల ఫోటోల కట్ట సంచిలోంచి తీశాడు. పైన వినాయకుడి పటం ఉంది. మా తలుపు మీది సిలువ కంటబడగానే దాన్ని గబుక్కున లోపల పెట్టేసి, పైన ఏసు పటం ఉన్న ఇంకో కట్ట తీశాడు. అప్పుడే నాకు ఒళ్లు మండింది.

"మీవాళ్లంటే నాకు చానా గౌరవం పెద్దయ్యా. పాదిరిగారి బంగళా కూడా నేనే అమ్మించా, చూడు" అన్నాడు.

ఎండనపడి వచ్చాడని మా ముసలిది చెంబుతో నీళ్లు తెచ్చింది. చెమటలు కారుతున్నా వాడు చెంబు ముట్టలేదు.

"దప్పిక లేదమ్మా."

"ఒరేయ్, ఏసు పటం సంచిలో మోస్తావు, మా నీళ్లు నీ గొంతు దిగవా? ఏందిరా ఇది?" అన్నాను.

"యాపారం వేరు, ఆచారం వేరు పెద్దయ్యా" అని నసిగాడు.

"అయితే రెండూ సంచిలో పెట్టుకుని బండెక్కు!"

రాయి మీద రాయి పెట్టి నా చేతులతో కట్టుకున్న ఇల్లు ఇది. మా ప్రయాణం ఆలస్యమైతే అవనీ, మా చెంబు ఎత్తి తాగినవాడితోనే దీని బేరం. నేను తొందరపడ్డానంటారా? అనేవాళ్లు ముందు మా ఇంటికి వచ్చి ఒక్క గుక్క తాగి, ఆ తర్వాత అనండి.