పెళ్ళిచూపులకి బెల్లం పూసిన కారు

మా బావ కారుకి నేను బెల్లం నీళ్ళు పూసేను. ఒక తలుపుకి కాదు, ఒక మూలకి కాదు. బానెట్టు, టాపు, నాలుగు తలుపులు, డిక్కీ, అన్నిటికీ. తప్పే. ముందుగానే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే నేను చెప్పకపోతే మా ఆవిడ చెప్పేస్తుంది. ఈ కథని ఆవిడ రైల్లో పక్క సీటు వాళ్ళకి కూడా చెప్పింది. ఆ పూతవల్ల మా మేనల్లుడి పెళ్ళి సంబంధం గంగలో కలిసేదాకా వెళ్ళింది. ఎలా వెళ్ళిందో నా నోటితో వినండి. కనీసం నా పరువు కొంచెం మిగిల్చి చెప్పుకుంటాను.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. అప్పుడు నాకు అరవై ఎనిమిది. కుర్రతనం, దుడుకు.

మా అక్క మొగుడు అప్పలనాయుడు బావకి ఒక తెల్ల కారుంది. చెరుకు లారీ ఒకటి దాని ఎడం పక్కని ఈ చివర్నించి ఆ చివరిదాకా గీరుకుపోయింది. బావ కొడుకు శ్రీనుకి అప్పటికి ఆరు సంబంధాలు తప్పిపోయేయి. ఏడోది గొలుగొండ. ఆదివారం పెళ్ళిచూపులు. శ్రీను నా దగ్గరకొచ్చి, తల వంచుకుని, "మామయ్యా, ఆ అమ్మాయితో ఫోన్లో రెండుసార్లు మాటాడేను. ఇది మాత్రం తప్పిపోకుండా చూడు" అన్నాడు. నన్ను నమ్మి అడిగేడు పాపం.

బావకేమో ఆరు సంబంధాలూ ఆ గీత వల్లే పోయేయని గట్టి నమ్మకం. "మనిషినెవడు సూత్తన్నాడు బావా? కారుని సూత్తన్నారు" అని, కార్లకి రంగు షీటు అంటించే షాపుకి నన్ను విశాఖపట్నం తీసుకెళ్ళేడు. స్టిక్కరులాంటి పెద్ద వినైల్ షీటు. కారుకి కొత్త చొక్కా తొడిగినట్టు తొడిగేస్తారు. వారం పడుతుందన్నాడు షాపతను. మాకున్నది నాలుగు రోజులు.

"షీటు ఇచ్చెయ్యి, ఇంటిదగ్గర మేమే వేసుకుంటాం" అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీ వల్ల అవదు సార్" అన్నాడు.

అవదు! అయిదో తరగతిలో మా లెక్కల మేష్టారూ నన్ను ఇదే మాటన్నాడు. ఆయన పోయి ముప్పయ్యేళ్ళయింది, నేనింకా క్షమించలేదు. అయిదుతో బడి ఆగిపోయినా పాత పుస్తకాలు చూసి రేడియో విప్పడం నేర్చుకున్నాను, బిగించడం నేర్చుకున్నాను, ఇంగ్లీషు నేర్చుకున్నాను, ఇంటిల్లిపాదీ వద్దన్నా హోమియో వైద్యం నేర్చుకున్నాను. అలాంటి నన్ను స్టిక్కరు అంటించలేవంటాడా? నేరేడుపండు రంగు షీటు చుట్ట భుజాన వేసుకుని, గదతో బయల్దేరిన భీముడిలా అనకాపల్లి బస్సెక్కేసేను. బావ కారులోనే వచ్చేడు. కోపంలో నాకా కారు ఉన్నట్టే గుర్తు రాలేదు.

ఫోన్లో వీడియోలు చూసేను. అందరిదీ ఒకటే పాట: కారు కడగండి, తుడవండి, సబ్బునీళ్ళు చల్లండి, ఆ తడి మీద షీటు పరవండి, నీళ్ళు బయటికి నెట్టెయ్యండి. నాకు ఒళ్ళు మండింది. సబ్బు ఉన్న జిడ్డు వదిలించడానికి పుట్టిందా, అంటించడానికి పుట్టిందా? ఇదేదో సబ్బుల వాళ్ళ కుట్ర అనుకున్నాను. మా తాత సున్నంలో బెల్లం నీళ్ళు కలిపించి కట్టించిన గోడ ఇప్పటికీ గునపానికి లొంగదు. ఊరంతా బెల్లం పెట్టుకుని, అంటించడానికి సబ్బేమిటి? గోడని పట్టినది రేకుని పట్టదా?

గిన్నెలో బెల్లం దంచి వేస్తుంటే మా ఆవిడ వచ్చింది.

"ఏటండీ అది?"

"పానకం."

"శ్రీరామనవమి వెళ్ళిపోయి నెల్లయింది కదా?"

"మనకి కాదు. కారుకి."

ఆవిడ గిన్నెలోకి తొంగి చూసింది. "యాలకులు కూడా వెయ్యమంటారా?"

మేధావికి ఇంట్లో విలువుండదు. వీధిలోకెళ్ళిపోయేను.

షీటు వెనక కాయితం ఊడదియ్యగానే అది కారు తప్ప అన్నిటికీ అంటుకుంది. ముందు నా మోచేతికి, విడదియ్యబోయిన బావ వీపుకి, ఇద్దర్నీ విడదియ్యబోయిన మా ఆవిడ కొంగుకి. "కదలకు బావా!" "నువ్వే కదుల్తన్నావు బావా!" "ఇద్దరూ నోరు ముయ్యండి, నా చీర సిరుగుతాది!" అలా వీధి వీధంతా చూస్తుండగా ముగ్గురం ఒకే చొక్కాలో కాసేపు నిలబడ్డాం. కాని మూడు రోజులు కష్టపడ్డాం. అట్లకాడకి గుడ్డ చుట్టి బుడగలన్నీ నొక్కేను. శనివారం సాయంత్రానికి కారు నేరేడుపండులా నిగనిగలాడింది. బావ కళ్ళు చెమర్చేయి. నన్ను కౌగిలించుకున్నాడు. అతుక్కుపోయేం. అది వేరే సంగతి.

ఆదివారం పొద్దున్నే బావ కేక.

"ఒరే బావా! ఈ నల్ల గీత కూడా ఎప్పుడేసేవు? సన్నగా, టాపు మీంచి కిందదాకా. బలే ఉంది డిజైను!"

"నేనే గీతా వెయ్యలేదే."

ఇద్దరం దగ్గరకెళ్ళి చూసేం. గీత నడుస్తోంది.

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఆ రోజు శివుడు టోకున ఆజ్ఞలు ఇచ్చేసేడు. నల్లచీమలు ముందే వచ్చేయి, ఎర్రచీమలు వెనకాల వచ్చేయి, గండుచీమలు పెద్దమనుషుల్లా తీరిగ్గా వచ్చేయి. చీపురుతో దులిపేం. నీళ్ళు కొట్టేం. నీళ్ళు తగిలేసరికి షీటు కింద పానకం మళ్ళీ తాజాగా తయారయింది. వేరే కారు దొరికే వేళ కాదు. పది గంటలకల్లా అక్కడుండాలి. "ఎండకి సచ్చిపోతాయిలే" అని బావ స్టార్టు చేసేడు.

ఎండకి చీమలు చావలేదు, షీటు లేచింది. నర్సీపట్నం దాటేసరికి బానెట్టు పూరీలా పొంగింది. వెనక తలుపు షీటు ఊడి కోడి రెక్కలా టపటప కొట్టుకుంటోంది. వేడి పానకం వాసనకి దారిలో ఈగలు కూడా మాతో ప్రయాణం కట్టేయి. ఏసీ వేస్తే అందులోంచి చీమలే వచ్చేయి. శ్రీను తన తెల్ల చొక్కా మీంచి చీమల్ని ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు.

పిల్ల తండ్రి చెరుకు రైతు. ఎదురొచ్చి మర్యాదగా కూర్చోబెట్టేడు. పిల్ల టీ తెచ్చింది. శ్రీను కప్పు అందుకున్నాడు, అంతే, దిగ్గున లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డయింది.

"అబ్బాయికి ఏటైనా ఇబ్బందా?" అంది పిల్ల మేనత్త.

నేను ఊరుకోవచ్చుగా? "అదేం లేదమ్మా, మర్యాద. మా వాడు పెద్దవాళ్ళెదట కూర్చోడు" అన్నాను.

శ్రీను కూర్చున్నాడు.

"మరి కూకున్నాడేటి?"

మళ్ళీ లేచేడు. కప్పు చేతిలో పట్టుకునే ఎడం భుజం ఎగరేసేడు, కుడి మోకాలు దులిపేడు, నడుం తిప్పేడు. బావ ఇంక పట్టలేక, "సీమలమ్మా, సీమలు! మా బావ కారుకి బెల్లం రాసేడు!" అని నిజం కక్కేసేడు.

పిల్ల కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెట్టింది. తండ్రి లేచి బయటికెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేడు. పొంగిన బానెట్టు చూసేడు, ఊడిన తలుపు చూసేడు. ఆయన పెరట్లోంచి కొత్తగా బయల్దేరిన చీమల బారు చూసేడు. లోపలికొచ్చి, "కబురెడతాం" అన్నాడు.

పెళ్ళిచూపుల్లో ఆ మాటకి అర్థం ఏమిటో ఆరు సార్లు విన్నవాళ్ళం, మాకు తెలీదా? తిరుగుదారిలో శ్రీను నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ వారం నేను అన్నం సరిగ్గా తినలేదు. పిల్ల తండ్రికి నాలుగు పేజీల ఉత్తరం రాసేను. తప్పు నాది, కొంత వీడియోల వాళ్ళది, షాపతనిది. కుర్రాడికి ఏ పాపం తెలీదు, నా మీద కోపం వాడి మీద చూపించకండి అని. వారం గడిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బావ అంగుళం అంగుళం షీటు పీకుతుంటే చూడలేక ఉప్మాక కొండ మీద గుడికెళ్ళి వెంకన్న ఎదట చెంపలేసుకుని ప్రమాణం చేసేను: నేనను నేను, ఇకమీదట రెండు చక్రాలదైనా నాలుగు చక్రాలదైనా, సొంతమైనా పరాయిదైనా, ఏ వాహనానికీ తినే వస్తువేదీ పూయను, పూయించను, పూయమని సలహా ఇవ్వను, అవసరమైతే, ఎంత అవమానమైనా సరే, సబ్బే వాడతాను.

మెట్లు దిగుతుంటే జేబులో ఫోను మోగింది. గొలుగొండ నుంచి.

"బావగారూ, ఉత్తరం సదివేను. జవాబు రాయడం నాకు సేతకాదు, అందుకే ఫోను సేత్తన్నాను. ముప్పయ్యేళ్ళ బట్టి సెరుకేసి బెల్లం వండుతన్నాను, మందు కలిపిన బెల్లాన్ని సీమ ముట్టదు. మీ కారుకి పట్టినన్ని సీమలు నా కల్లంలో కూడా ఎప్పుడూ పట్టలేదు. అంత నికార్సయిన బెల్లం కారుకి రాసేసేరంటే, మా పిల్లకి తిండికాడ లోటు సేత్తారా? పిల్లకీ ఇట్టమే. అన్ని సీమలు కుట్టినా కుర్రోడు టీ సుక్క ఒలకనివ్వలేదంట, అది సూసి ఒప్పేసుకుంది. ముహూర్తం ఎట్టించండి. ఒకటే మాట, పెళ్ళికి ఆ కారే ఏసుకు రండి, ఊరంతా సూడాలంటన్నారు. కడిగేత్తారేమో, కడక్కండి."