రెండు కాళ్లకా, నాలుగు కాళ్లకా

బహీగా ఖాలాకు ఒకటే జబ్బు. మందుల షాపు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. వచ్చిన ప్రతి మనిషినీ ఆపి, "మందు రెండు కాళ్లకా, నాలుగు కాళ్లకా?" అని అడిగేది. జవాబు చెప్పందే లోపలికి పోనిచ్చేది కాదు, చెప్పినా ఒక పట్టాన నమ్మేది కాదు. అలెగ్జాండ్రియాలో చేపల బజారు వెనక ఉన్న ఆ సందులో దగ్గుకు మందు కావాలన్నా, దద్దుర్లకు మందు కావాలన్నా ముందు ఆ ప్రశ్న దాటాల్సిందే. ఈ చలికాలం ఆమే అందర్నీ దాటుకుని వెళ్లిపోయింది.

షాపు లబీబ్‌ది. మందులు అమ్మేవాణ్ని కూడా ఆ సందులో డాక్టరనే పిలుస్తారు. అసలు డాక్టరు దగ్గరికి పోతే సగం రోజు పోతుంది, చేతిలో డబ్బూ పోతుంది. లబీబ్ దగ్గరైతే కౌంటరు మీద మోచెయ్యి ఆనించి బాధ చెప్పుకుంటే చాలు. తండ్రి హఠాత్తుగా పోవడంతో షాపు అతని నెత్తిన పడింది. అప్పటికి మీసం కూడా సరిగ్గా కుదురుకోలేదు. తండ్రి స్టూలు మీద కూర్చుని, తండ్రిలాగే కళ్లజోడు ముక్కు మీదకి దించుకుని చూస్తే, వచ్చినవాళ్లు అటూ ఇటూ చూసి "నాన్నగారు లేరా?" అనేవారు. తండ్రి జనాజా మోసినవాళ్లే అలా అనేవారు. షాపు నిలబడుతుందా, మూతపడుతుందా అని అతను రాత్రీపగలూ బెంగపడుతున్న ఆ రోజుల్లోనే బహీగా ఖాలా పేము కుర్చీ మోసుకొచ్చి గుమ్మంలో వేసుకుంది.

సందులో అందరికీ ఆమె ఖాలా, అంటే పిన్నమ్మ. వలలు అల్లే ఒక పెద్దాయన భార్య. ఆయన పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. సిమ్‌సిమ్ అని నువ్వుల రంగు పిల్లి ఒకటి ఉండేది. అదీ ఆ మధ్యనే పోయింది. ట్రాము కింద పడిందని ఆమె అందరికీ చెప్పింది. లబీబ్ కూడా వెళ్లి పరామర్శించాడు. ఒంటరి మనిషి, దిగులుతో కాస్త తిక్క పట్టింది, నాలుగు రోజుల్లో అదే దిగుతుందనుకున్నాడు. దిగలేదు. అతనికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. గుమ్మంలో కుర్చీ మాత్రం కదల్లేదు.

కొత్త పెళ్లికొడుకు ఒకడు ఏదో మందు కోసం నంగినంగిగా వచ్చాడట. ఎవరూ లేకుండా చూసుకుని గుమ్మం ఎక్కబోతే ఖాలా ఆపింది. వాడు చెవులు ఎర్రబడి, నాకేనని గొణిగాడు. "నీకైతే రెండు కాళ్లే. సిగ్గెందుకు, పో" అని సందంతా వినబడేట్టు దీవించి పంపింది. చేపలమ్మే ఒకావిడ అత్తగారికి కాళ్లనొప్పుల మందు కోసం వచ్చింది. ఎన్ని కాళ్లని ఖాలా అడిగితే, నడుస్తున్నప్పుడు రెండు, నన్ను తిట్టడానికి లేచినప్పుడు నాలుగు అందావిడ. ఖాలా నవ్వలేదు. అత్తగారికి గడ్డి పెట్టకుండా అన్నమే పెట్టమని చెప్పి దారి వదిలింది.

మాట మీద ఆమెకు నమ్మకం తక్కువ. బట్టలు చూసేది. వల దారంతో మెడకు కట్టుకున్న కళ్లజోడు తగిలించుకుని, నల్లచొక్కా మీద తెల్లవెంట్రుక కనబడితే రెండు వేళ్లతో పట్టి తీసి, వెలుగులో పెట్టి పరీక్ష చేసేది. కాఫీ హోటలు జగ్లూల్ అలాగే దొరికిపోయాడు. పొట్టా మీసం బాగా పెంచిన మనిషి, గొంతెత్తితే అవతలి వీధిలో పావురాలు లేచిపోతాయి. పాషా అని అతనికో పిల్లి ఉండేది. ఒకరోజు జ్వరం బిళ్లలు కావాలని వచ్చాడు.

"నాకే ఖాలా. రెండు కాళ్లకే" అన్నాడు.

ఖాలా అతని చొక్కా మీద నుంచి ఇంత ఉండ బొచ్చు తీసి చేతిలో పెట్టింది. "అయితే ఇక్కడే వేసుకో. నీళ్లు నేనిస్తాను."

జగ్లూల్‌కు జ్వరం లేదు. అయినా మింగాడు. మింగి, మిగిలినవి జేబులో వేసుకోబోతుంటే ఆమె అతని చెవి పట్టుకుంది. అంత మనిషినీ చెవి పట్టుకునే సందు మలుపు దాకా నడిపించుకుపోయి ఏదో చెప్పింది. అతని మొహం పాలిపోయింది. తిరిగొచ్చి బిళ్లలు కౌంటరు మీద పెట్టి, లబీబ్ కళ్లలోకి చూడకుండా వెళ్లిపోయాడు. ఇది ఒక్క జగ్లూల్‌తో అయిపోలేదు. నాలుగు కాళ్లని ఒప్పుకున్న ప్రతివాణ్నీ ఆమె ఆ మలుపు దాకా తీసుకుపోయేది, గుసగుసలాడేది. వాళ్లు వెనక్కొచ్చి మందు వద్దనేవారు, లేదా అసలు రానేవారు కాదు. లబీబ్ కౌంటరు వెనక నుంచి మెడ సాచి చూసేవాడు. ఒక్క ముక్క వినబడేది కాదు. నా షాపు గురించి ఏం చెబుతోంది, నా మందులు కల్తీవంటోందా అని అతను ఉడికిపోయేవాడు.

అలాగని ఆమె పిల్లుల్ని గాలికి వదిలేదా అంటే అదీ లేదు. ప్రతి సోమవారం సందులో ఊరేగింపు బయల్దేరేది. రెండు చేపల ట్రేలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, వల తాడుతో బిగిస్తే ఒక పిల్లికి పల్లకీ. అలాంటి పల్లకీలు జగ్లూల్ మూడు చక్రాల బండిలో పేర్చుకుని, పైన రాణీగారిలా ఖాలా కూర్చుని, ఊరి అవతల పశువైద్య కళాశాల ఆసుపత్రికి పోయేవారు. అక్కడ చదువుకునే పిల్లలు వైద్యం నేర్చుకుంటారు కాబట్టి ఫీజు నామమాత్రం. ఆ నామమాత్రానికి కూడా ఖాలా ఒక చీటీ నడిపేది. ఇంటికింత వేసేవారు. మామూలు చీటీలో వంతు వచ్చినవాళ్లు డబ్బు ఎత్తుకుంటారు. ఖాలా చీటీలో మాత్రం ఎవరి పిల్లి జబ్బుపడితే వంతు వాళ్లది. పిల్లి దుక్కలా ఉన్నవాళ్లు, మా దానికి తుమ్మైనా రాదేమిటి, కట్టిన డబ్బులన్నీ పక్కింటి దానికే పోతున్నాయి అని సణిగేవారు. టీకాలైనా వేయించుకోండి అనేది ఖాలా. వేయించుకునేవారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషనయిన పిల్లికి గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. నాలుగేళ్లు తిరిగేసరికి సందులో చెవి నిండుగా ఉన్న పిల్లి కనబడితే, ఇదెవరో పొరుగూరి చుట్టం అనుకునేవారు.

లబీబ్ ఆమెను లేపడానికి చెయ్యని ప్రయత్నం లేదు. ఒకరోజు పొద్దున్నే కుర్చీ తీసి లోపల దాచాడు. ఆమె బజారు నుంచి చేపల ట్రే తెచ్చి బోర్లించి దాని మీద కూర్చుంది. మధ్యాహ్నానికి బజారులోని పిల్లులన్నీ ఆ వాసనకు వచ్చి గుమ్మం నిండా పడుకున్నాయి. సాయంత్రం లబీబే కుర్చీ బయటికి తెచ్చి వేసి, గుమ్మం కడుక్కున్నాడు. ఇంకోసారి మసీదు పెద్దతో చెప్పించాడు. ఆయన వచ్చి ఖాలాతో చాలాసేపు మాట్లాడి, మలుపు దాకా కూడా వెళ్లి, తిరిగొచ్చి లబీబ్ భుజం తట్టి, "కూర్చోనివ్వు నాయనా" అని మాత్రం చెప్పి పోయాడు.

అతనికి నిజంగా కోపం వచ్చింది ఒక్కసారే. ఒక తల్లి చంటిబిడ్డకు జ్వరం సిరప్ కోసం వచ్చింది. బిడ్డను చూపించమంది ఖాలా. బిడ్డ ఇంట్లో ఉందంటే నమ్మలేదు. ఆ తల్లి విసురుగా వెనక్కి తిరిగి మూల మీద ఇంకో మందుల షాపుకు పోయింది. లబీబ్ బయటికి వచ్చాడు.

"మా నాన్న ఉన్నన్నాళ్లు ఒక్కరోజు కూర్చున్నావా ఇక్కడ? మూల షాపు ముందు ఎప్పుడైనా కూర్చున్నావా? నా ఒక్కడి మీదే ఎందుకు ఖాలా నీకింత అపనమ్మకం?"

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నీ మీద కాదు నాయనా" అంది.

"మరెవరి మీద?"

"పిల్లుల మీద. వాటికి బుద్ధి లేదు. ప్రేమగా పెడితే ఏదైనా మింగుతాయి."

అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. మర్నాడు వేయించిన బొంత చేపలు మూతపెట్టి తెచ్చి కౌంటరు మీద పెట్టింది. అతను తిన్నాడు. ఆమె కూర్చుంది. కానీ నా ఒక్కడి షాపే ఎందుకన్న ముల్లు మాత్రం అతని గుండెలో అలాగే ఉండిపోయింది. ఇంట్లో భార్య పరాచికాలాడినా, మంచి బేరం జరిగినా, గుమ్మంలో ఆమె నల్లబట్టల వీపు కనబడితే చాలు, నేను నా తండ్రిని కాలేకపోయాను అనిపించేది.

ఈ చలికాలం సముద్రం పొంగి సందులోకి ఉప్పుగాలి కొట్టిన రోజుల్లో ఆమెకు ఊపిరితిత్తులు పట్టేశాయి. లబీబే మందు తీసుకుని ఆమె గదికి వెళ్లేవాడు. ఆమె కళ్లు తెరవగానే, అడిగే ఓపిక లేదని గ్రహించి, తనే చెప్పేవాడు: "రెండు కాళ్లకే ఖాలా." ఆమె నోరు తెరిచేది. మందు పనిచెయ్యలేదు. ఒక తెల్లవారుజామున మంచం మీద మూడు పిల్లులు, తలుపు దగ్గర నాలుగు పిల్లులు ఉండగా పోయింది. కుర్చీ తీయడానికి లబీబ్‌కు చేతులు రాలేదు. ఎవరో వచ్చి అడుగుతారని గుమ్మం దగ్గర ఆగిన జనం, ఎవరూ అడగకపోతే ఏం చెయ్యాలో తెలియక కాసేపు నిలబడి లోపలికి వచ్చేవారు.

పరామర్శకు సందులో గుడారం వేశారు. వరసగా కుర్చీలు, ఓ చివర ఖురాన్ చదివే ఆయన, చక్కెర లేని కాఫీ. లబీబ్ పక్కన జగ్లూల్ కూర్చున్నాడు. చేతుల నిండా గోళ్ల గీతలున్న ఒక పెద్దమనిషి వచ్చి అటుపక్క కూర్చున్నాడు. పశువుల ఆసుపత్రి పెద్ద డాక్టరు హిల్మీ అని జగ్లూల్ పరిచయం చేశాడు.

"లబీబ్ మీరేనా" అన్నాడు హిల్మీ. "మీ గురించి చాలా విన్నాను."

"వినే ఉంటారు. నా షాపుకు పోవద్దని చెప్పేది కదా."

హిల్మీ జగ్లూల్ వైపు చూశాడు. జగ్లూల్ గొంతు సవరించుకున్నాడు. "చెప్పండి డాక్టరుగారూ. ఇంకా ఎందుకు దాచడం."

హిల్మీ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఎప్పుడో ఒకరోజు ఆమె నువ్వుల రంగు పిల్లిని ఒడిలో పెట్టుకుని వచ్చిందట. చిగుళ్లు నల్లబడ్డాయి, మొహం వాచింది, ఊపిరి అందడం లేదు. ఏం పెట్టావని అడిగితే జ్వరం బిళ్ల, అందులో సగమే అంది. మనుషుల జ్వరం బిళ్ల పిల్లికి విషం, సగమైనా సరే. సాయంత్రానికి పోయింది. ఇచ్చినవాడెవడు, వెళ్లి వాడి షాపు మూయిస్తానని హిల్మీ మండిపడ్డాడు.

లబీబ్‌కు గుర్తొచ్చింది. తండ్రి పోయిన కొత్తల్లో. పిల్లి మూలుగుతోందని ఆమె కన్నీళ్లు పెట్టుకుంటే, తనే బిళ్ల విరిచి, సగం కాగితంలో మడిచి, డబ్బు వద్దని చేతిలో పెట్టాడు. తన చేత్తో చేసిన మొదటి మంచిపని అనుకున్నాడు ఆ రోజు.

"మరి ట్రాము కింద..." అన్నాడు.

"అలా చెప్పాలని ఆసుపత్రి నుంచి బయల్దేరేముందే నిర్ణయించుకుంది. నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? 'వాడు నిన్నగాక మొన్న తండ్రిని పాతిపెట్టాడు. ఈ సంగతి తెలిస్తే రేపటినుంచి వాడి చెయ్యి వణుకుతుంది. చెయ్యి వణికేవాడు మా సందుకి మందులేం ఇస్తాడు' అంది. అయితే మిగతా షాపుల సంగతేమిటి, అక్కడా అమ్ముతారుగా అన్నాను. 'మూల షాపాయన పిల్లి పేరెత్తితే కర్ర తీస్తాడు. అక్కడ పిల్లులకు భయం లేదు. వీడు మెత్తని మనిషి, అడిగినవాడికల్లా ఇచ్చేస్తాడు. కాపలా వీడికే కావాలి' అంది."

లబీబ్ తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"ఆ మలుపు దగ్గర చెప్పేది ఇదేనా?" అని జగ్లూల్‌ని అడిగాడు.

"ఇదే. బిళ్ల విషమని, నీకు మాత్రం తెలియకూడదని."

"ఎంతమందికి తెలుసు?"

జగ్లూల్ గుడారమంతా ఓసారి చూశాడు. వరసల్లో కూర్చున్న మగవాళ్లంతా ఉన్నట్టుండి కాఫీ కప్పుల్లోకి తొంగిచూడటం మొదలుపెట్టారు. మసీదు పెద్ద గడ్డం దువ్వుకున్నాడు. మూల షాపు ముసలాయన కూడా చెప్పుల్లో ఏదో వెతుక్కుంటున్నాడు.

"ఇన్నేళ్లూ ఒక్కడైనా నోరు జారలేదా?" అన్నాడు లబీబ్.

"మా అందరిచేతా తల్లుల మీద ఒట్టు వేయించుకుంది" అన్నాడు జగ్లూల్ బాధగా. "పెళ్లాల మీద వేయించుకుని ఉంటే మర్నాడే చెప్పేసేవాళ్లం."

లబీబ్‌కు నవ్వొచ్చింది. ఆపుకుందామని రెండు చేతులూ మొహానికి అడ్డుపెట్టుకున్నాడు. ఆగలేదు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఖురాన్ చదివే ఆయన ఆగి ఇటు చూశాడు. కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. జగ్లూల్ గబుక్కున లేచి, తనకున్నంత పొట్టతో లబీబ్‌కు అడ్డంగా నిలబడి, దుఃఖం ఆగడం లేదు పాపం అని అందరికీ సర్దిచెప్పాడు.

అది అబద్ధం కూడా కాదు.