కస్తూరి గీయని దారి

ఇన్నేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. తిన్నాను, నవ్వాను, హాయిగానే బతికాను. దాని బరువు మాత్రం తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా వైపు కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నేను, నా స్నేహితురాలు కస్తూరి తమిళనాడులోని మా ఊరు గుడియాత్తం నుంచి రోజూ ఒకే బస్సులో వేలూరు వెళ్ళి, ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాళ్ళం. కాగితం మ్యాపుల్లోని రోడ్లను, ఏరులను మౌసుతో తెరమీదికి ఎక్కించడం మా పని. ఒక తమిళ పత్రిక చేత్తో గీసిన బొమ్మలు మానేసి, జిల్లా పేజీకి మా మ్యాపులే వేసుకునేది.

ఉపగ్రహం తీసిన ఫొటోల నుంచి మ్యాపులు చేయడం నేర్చుకోవడానికి మా ఇద్దరిలో ఒకరిని మద్రాసు పంపుతామన్నారు. కస్తూరి చేయి నాకంటే చురుకు. ఆమే వెళ్తుందని అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆ వారమే గుడియాత్తంలో ఏటి మీది వంతెనను మరమ్మతుకు మూశారు. బస్సులు ఎక్కడ ఆగుతాయో చూపే మ్యాపు కస్తూరి గీసింది. ఆమె అన్నానికి వెళ్ళినప్పుడు నేను ఆ కుర్చీలో కూర్చుని, బస్సు ఆగే చోటును ఏటి అవతలి గట్టుకు జరిపాను. ఒక్క క్షణం పట్టింది. అదే కాగితం మీద సిరాతో గీసినదైతే చెరిపేదాన్నా? ఇలా నన్ను నేనే ప్రశ్నించుకుని తప్పును యంత్రం మీదికి నెట్టాలని ఎన్నోసార్లు చూశాను. కుదరలేదు.

మర్నాడు పత్రికను నమ్మి జనం చంటిపిల్లల్ని ఎత్తుకుని అవతలి గట్టున ఎండలో నిలబడ్డారు. బస్సులు ఇవతలి నుంచే వెళ్ళిపోయాయి. సాయంత్రానికి కస్తూరిని పనిలోంచి తీసేశారు.

ఇంటికి పోయే బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది.

"సరిగ్గానే పెట్టినాననుకున్నానే. నా కండ్లే నన్ను మోసం చేసినాయేమో," అంది.

"పోనీలేవే. ఎవురికైనా అయితాది," అన్నాను.

అంతే అన్నాను.

మద్రాసు నేనే వెళ్ళాను. ఆ పనే నాకు అన్నం పెట్టింది. ఇప్పటికీ ఇష్టంగానే చేస్తాను. కస్తూరీ బాగానే ఉంది. భర్తతో కలిసి గుడియాత్తంలో కేబుల్ టీవీ పెట్టి, ఊరి వార్తలు తమిళంలో తనే చదివేది. నేను వెళ్తే కడుపునిండా పెడుతుంది. కానీ వాకిట్లో ముగ్గు వేశాక కూడా పక్కింటామెను పిలిచి వంకర పోయిందేమో చూడమంటుంది. తన కళ్ళను తను నమ్మదు. అది చూసిన ప్రతిసారీ నోరు తెరవాలనుకుంటాను. తెరిచి, ఇంకో దోసె వేయమంటాను.

ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో నాకు తెలుసు. కస్తూరికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఎంత పిరికిదాన్నో చూడండి. ఆమెకు ఎప్పటికైనా చెబుతానని మాట ఇవ్వలేను. అయినా, ఒక్కరికైనా తెలిసిందన్న ఊరట దొరికింది. ఆ రోజు కస్తూరి సరిగ్గానే గీసింది. జరిపింది నేను.