మా తాత కారుకు జీపు కాళ్లు

ముందే చెబుతున్నాను. ఈ జ్ఞాపకం చివరికి వచ్చేసరికి నేను చెంపలు వేసుకుంటానని ఎవరైనా ఆశపడుతుంటే, వాళ్లు ఇక్కడే ఆగి ఓ టీ తాగి పడుకోవడం మంచిది. నేను చెంపలు వేసుకునే రకం కాదు. మా పెళ్లికి వచ్చినవాళ్లలో సగం మంది బురద కొట్టుకున్న పట్టుబట్టలతో భోంచేశారు, నిజమే. పెళ్లికొడుకును ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చారు, అదీ నిజమే. ఆ పెళ్లికొడుకును నేనే. అయినా ఆ రోజు నేను చేసిన పనిలో ఆలోచన తక్కువైందంటే ఒప్పుకోను. కాస్త ఎక్కువైంది, అంతే.

మాది ప్రొద్దుటూరులో బట్టల అంగడి. మా తాత వయసులో ఉన్నప్పుడు సరుకు కోసం మద్రాసు వెళ్లి, చీరల బేళ్లతో పాటు ఒక ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు కూడా తెచ్చాడు. రెండే సీట్లు, పైన టాపు బదులు మడిచేసే గుడ్డ, నేరేడుపండు రంగు. అంగడికి సరుకు తేవడానికి అది పనికిరాదు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకోవడానికీ పనికిరాదు. అందుకే తాత దాన్ని ప్రాణంగా చూసుకున్నాడు. దసరాకు పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఊళ్లో ఒక చుట్టు తిప్పి, మళ్లీ షెడ్డులో పెట్టి దుప్పటి కప్పేవాడు. దాన్ని తుడవడానికి అంగట్లోంచి కొత్త పంచె చించేవాడు. మాకు మాత్రం స్నానానికి పాత తువ్వాళ్లే. తాత పోయేనాటికి ఆ కారు మీద గోటి గీత కూడా లేదు. సీటు తోలు, ముందు గడియారం, హారను, అన్నీ కంపెనీ నుంచి వచ్చినవే. బెంగళూరు నుంచి పాత కార్ల పిచ్చివాళ్లు వచ్చి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి చూసి వెళ్లేవాళ్లు.

తాత పోతూ పోతూ దాన్ని నాకిచ్చాడు. ఇంట్లో దాన్ని నడపనివ్వమని ఏనాడూ అడగనివాణ్ణి నేనొక్కడినే. అణకువ గల పిల్లవాడనుకున్నాడు పాపం. అడిగినా ఇవ్వడని ఊరుకున్నానని ఆయనకు తెలియదు.

తర్వాత నాకు పెద్దముడియం దగ్గర ఒక పల్లెలో సంబంధం చూశారు. అమ్మాయి పేరు రేణుక. నాకు నచ్చింది. ఆమెకు నేను నచ్చానో లేదో తెలియదు, అడగబోతే మైసూరుపాకు ప్లేటు నా ముందుకు తోసింది. వాళ్ల నాన్న శనగ పండించే రైతు. పెద్దవాళ్లు పెట్టుపోతల మాట ఎత్తడానికి గొంతులు సవరించుకుంటుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మాకేం వద్దప్పా. నాకు ఒగటే కోరిక. ఎదురుకోలు పొద్దు పెండ్లికొడుకు వాల్ల తాత కార్లో రావాల. ఊరి ముందర నన్ను పక్కన కూర్చోబెట్టుకోని పెండ్లింటికి తోలకపోవాల. వయసులో ప్రొద్దుటూర్లో చూసినా ఆ కారును. అప్పట్నుంచీ మనసులో ఉండిపోయింది."

"అంతేనా మామా?" అన్నాను.

"అంతే నాయనా. అంతకుమించి ఏముండాది?"

మా వైపు ఎదురుకోలంటే చిన్న విషయం కాదు. మగపెళ్లివాళ్లు ఊరి పొలిమేరకు రాగానే ఆడపెళ్లివాళ్లు మేళంతో ఎదురొచ్చి, పానకం ఇచ్చి, మెరవణిగా తీసుకుపోతారు. ఊరంతా ఆ గంటలోనే పెళ్లికొడుకు ఎలాంటివాడో తేల్చేస్తుంది. ఆ గంటలో మామ నా పక్కన కూర్చోవాలి. కూర్చోబెడతానని మాటిచ్చాను.

చిక్కల్లా దోవతోనే. పెద్దముడియం దాకా తారు రోడ్డే. అక్కడి నుంచి ఆ పల్లెకు పోయే మట్టిదోవలో గుంత దాటితే గుంత. తాత కారు పొట్ట నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది. పెళ్లిచూపుల నుంచి తిరిగి వస్తూ ఈ సంగతి ముందుగా గమనించింది మా అక్క మొగుడు. ఆయనది పులివెందుల. చీనీ తోటలున్నాయి, మీరు బత్తాయి అంటారే అవి, తోటలకు తిరగడానికి ఒక జీపు ఉంది. ఆ జీపు గురించి ఆయన మాట్లాడితే తోటలు కూడా విసుక్కుంటాయి.

"ఏం బామ్మర్దీ, మీ తాత కారు ఈ దోవలో వస్తాదా? మొదుటి గుంతలోనే పొట్ట ఆనుకోని కూర్చుంటాది. పెండ్లి పొద్దు నా జీపు ఇస్తాలే, తీస్కపో."

"నేను మాటిచ్చింది కారు గురించి బావా. జీపు గురించి కాదు."

"అట్లయితే కారును నెత్తిన పెట్టుకోని పో."

అక్క కూడా నవ్వింది. తోడబుట్టినది నవ్వాక ఇక ఊరుకోవడం ఎలా? నాకు రోషం వచ్చేసింది.

ఇంటికొచ్చి ఫోనులో వీడియోల మీద పడ్డాను. బండ్ల ఎత్తు పెంచి కొండలూ వాగులూ ఎక్కించేవాళ్లు లోకంలో ఇంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. అవి చూసి చూసి ఒక నిర్ణయానికి వచ్చాను: దోవను బాగుచేయడం మన చేతిలో లేదు, కారును బాగుచేయడం ఉంది. ఇప్పుడు చదువుతూ మీరు నవ్వుతున్నారు గానీ, ఆ రోజు నా స్థానంలో ఉండి ఇంతకన్నా తెలివైన ముక్క చెప్పండి చూద్దాం.

జమ్మలమడుగులో మస్తాన్ భాయ్ గ్యారేజీ ఉంది. సౌదీలో ఇసుకదిబ్బలు ఎక్కే బండ్లు తయారుచేసి వచ్చిన మనిషి. కారును చూడగానే ఆయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఏందప్పా ఇది, పెండ్లికూతురు మాదిరి ఉండాది. దీన్ని నేనేం చెయ్యాల?"

"ఎత్తు పెంచాల భాయ్."

"ఎత్తు పెంచల్లంటే జీపు యాక్సిళ్లెయ్యాల. జీపు యాక్సిళ్లేస్తే జీపు టైర్లెయ్యాల. ఆ టైర్లు పట్టల్లంటే మడ్‌గార్డులు కొయ్యాల."

"కొయ్యి."

"మీ తాత ఉంటే ఏమంటాడో ఆలోచన చేసినావా?"

"తాత ఉంటే కారు నా చేతికిస్తాడా? నేను పెండ్లికి బస్సులో పోతాంటి. కొయ్యి భాయ్."

గ్యాస్ కట్టరు అంటుకున్నప్పుడు నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఈ ఒక్కటి ఒప్పుకుంటాను. మొదటి ముక్క తెగి కింద పడ్డాక మాత్రం ధైర్యం వచ్చేసింది. ఇక అతికించేది లేదని తెలిస్తే మనిషికి వచ్చే ధైర్యమే వేరు. ముందు ఇనుప కమ్ముల గార్డు పెట్టించాను. దాని పైన లైట్ల వరుస పెట్టించాను. వాగులో మునిగినా ఇంజనుకు గాలి అందేలా పక్కన పొడుగాటి గొట్టం కూడా పెట్టమన్నాను.

"వాగులో పోతావా యాడన్నా?" అన్నాడు మస్తాన్ భాయ్.

"పోను. అయినా పెట్టు."

పని అయ్యాక ఆయన దూరంగా నిలబడి చూసి, "ఇసకలో తోలప్పా, ఒంటె కూడా ఎనకబడాల. గ్యారంటీ," అన్నాడు. నేను ఆఖరి మాటను మాత్రమే గట్టిగా పట్టుకున్నాను.

పట్టుపంచె కట్టుకుని గమ్‌బూట్లు తొడుక్కున్న పెద్దమనిషిలా ఉంది కారు. ఇంటికి తెస్తే షెడ్డులో పట్టలేదు. మా అవ్వ బయటికొచ్చి చుట్టూ వెతికింది.

"మీ తాత కారు యాడరా?"

"ఇదే అవ్వా."

అవ్వ దాన్ని కింది నుంచి పైదాకా చూసి, "దీనికి కాళ్లెప్పుడు మొలిచినాయిరా తిక్కోడా!" అని లోపలికి పోయి తాత ఫోటోను గోడవైపు తిప్పేసింది.

మామకు మాత్రం చెప్పలేదు. చూసి ఆశ్చర్యపోవాలని నా కోరిక. ఫోను చేసి, "దోవ గురించి దిగులుపడొద్దు మామా, నేను చూసుకుంటాండా" అన్నాను. "నువ్వూ దిగులుపడొద్దు నాయనా, నేనూ చూసుకుంటాండా" అన్నాడాయన. ఒకరినొకరు మెచ్చుకుని ఫోన్లు పెట్టేశాం. ఏం చూసుకుంటున్నావని ఇద్దరిలో ఒక్కరం అడిగి ఉన్నా మీకు ఈ జ్ఞాపకం చదివే అవసరం ఉండేది కాదు.

కార్తీకంలో పెళ్లి. ముందురోజు సాయంత్రం గట్టి వాన పడింది. వాన చూసి నేనొక్కణ్ణే సంతోషించాను, గుంతలు ఇంకా లోతవుతాయని. మర్నాడు పట్టుపంచె కట్టుకుని, నేనే నడుపుకుంటూ బయలుదేరాను. వెనక బావ జీపు, దాని వెనక చుట్టాల బస్సు. పెద్దముడియం దాటి మట్టిదోవలోకి తిరిగాను. తిరిగి, దోవ తప్పానేమో అనుకుని బండి ఆపాను.

గుంత లేదు. ఎర్రటి మొరం పరిచి, రోలరు తిప్పి, అంగడి కౌంటరు బల్లలా నున్నగా చేసి పెట్టారు. వాన పడినా చుక్క నీరు నిలవలేదు.

పొలిమేరలో మేళం సిద్ధంగా ఉంది. నా కారు కనబడగానే నాదస్వరం మధ్యలో ఆగిపోయింది. మామ ముందుకొచ్చాడు. తెల్లటి చొక్కా, మెడలో కొత్త ఉత్తరీయం. నా వెనక దారిలోకి చూశాడు, అసలు కారు ఇంకా రావాలేమోనని.

"కారు యాడ నాయనా?"

"ఇదే మామా. మీ దోవ బాగలేదని ఎత్తు పెంచినా."

"దోవ బాగు చేయించినా గదప్పా," అన్నాడు మెల్లగా. "నీ కారు పొట్టకు రాయి తగలకూడదని ఊరోల్లమంతా కూడి మొరం తోలినాం."

ఆ ముఖం చూసి నాకు నిజంగా సిగ్గేసింది. ఆయన ఇన్నేళ్లు మనసులో దాచుకున్న కారును నేను జమ్మలమడుగులో ముక్కలు కోయించి తెచ్చాను. అక్కడితో తలవంచుకుని, ఆయన్ను ఎక్కించుకుని, ఆ నున్నటి దోవలో నెమ్మదిగా పోయి ఉంటే అంతా సర్దుకునేది. సరిగ్గా అప్పుడే బావ జీపులోంచి తల బయటపెట్టాడు.

"ఏం బామ్మర్దీ! ఈ రోడ్డుకు మీ తాత కారే చాలుగదా. ఇంగ ఈ ఏనుగు దేనికి?"

ఆడపెళ్లివాళ్లు నవ్వారు. మేళగాళ్లు నవ్వారు. పానకం గ్లాసు పట్టుకున్న రేణుక చిన్నమ్మ కూడా నవ్వింది.

"దేనికా?" అన్నాను. "చూపిస్తా. ఎక్కు మామా!"

ముక్కాలిపీట వేసి, ఇద్దరు పట్టుకుని మామను ఎక్కించారు. దోవ పక్కనే ఆయన సొంత చేను, శనగ విత్తడానికి దున్ని పెట్టింది. దాని అవతల పెళ్లింటి షామియానా కనబడుతోంది. స్టీరింగు అటు తిప్పాను.

"నాయనా, అది నల్లరేగడి. నిన్న వాన పడింది," అన్నాడు మామ.

"ఇది ఇసకదిబ్బలెక్కే బండి మామా. గట్టిగా పట్టుకో!"

బండి వీరుడిలా చేనులోకి దూకింది. వీరుడిలాగే అక్కడ కూలబడింది. రేగడి గురించి తెలియనివాళ్లకు చెప్పాలి: అది తడిస్తే మట్టి కాదు, బంక. టైర్లకు చుట్టుకుని చుట్టుకుని ఒక్కో చక్రం గానుగ రోలంత అయింది. నేను ఇంకా గట్టిగా తొక్కాను. చక్రాలు తిరిగి, ఆ బురదంతా వెనక్కి ఎగిరి, సరిగ్గా మేళం మీదా, ఆడపెళ్లివాళ్ల పట్టుచీరల మీదా పడింది. నేను పిలిస్తే పెళ్లికి వచ్చి, చుట్టాల మధ్య నిలబడ్డ మస్తాన్ భాయ్ కనబడ్డాడు.

"భాయ్! గ్యారంటీ అన్నావే!" అని అరిచాను.

"ఇసకలో అన్నానప్పా!" అని ఆయన అక్కడి నుంచే అరిచాడు. "సౌదీలో రేగడి యాడుండాది?"

బావకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. "పక్కకు జరగండప్పా, జీపంటే ఏందో చూపిస్తా" అని మీసం తిప్పి చేనులోకి దించాడు. నా దాకా కూడా రాకుండానే పొట్టదాకా దిగబడ్డాడు. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం తాళి కట్టేటప్పుడు కూడా కలగలేదు. ఈ మాట మా ఇంట్లో చదవకుండా మీరే కాస్త చూడాలి.

దోవ మీద నుంచి పురోహితుడు గడియారం చూపిస్తూ ముహూర్తం, ముహూర్తం అని కేకలు. ఇంతలో నా ఫోను మోగింది. రేణుక.

"యాడుండారు?"

"మీ చేన్లో."

"మా నాయన?"

"నా పక్కనే ఉండాడు."

"ఆ దోవ కోసం మా నాయన తిరగని ఆఫీసు లేదు. ఆఖరికి తానే గంపెత్తి మొరం పోసినాడు. అంత దోవ పెట్టుకోని మీరు చేన్లోకి ఎందుకు దించినారు?"

సిగ్నల్ సరిగా లేదని ఫోను పెట్టేశాను. పెట్టేశాక మామ వైపు చూసే ధైర్యం చాలలేదు.

పంచెలు ఎగగట్టి నలుగురు మగవాళ్లు మోకాళ్ల బురదలో నడిచొచ్చారు. "దిగు మామా, ఎత్తుకోని పోతాం. ముహూర్తం దాటిపోతాంది, బిన్నా రా," అన్నారు.

మామ కదల్లేదు. సీటు తోలును ఒక చేత్తో నిమురుతున్నాడు. కారు మొత్తంలో మస్తాన్ భాయ్ చెయ్యి తగలనిది అదొక్కటే.

"నేను దిగను పోండప్పా," అన్నాడు. "వయసులో అంగళ్ల వీదిలో దీని ఎనకాల పరిగెత్తినా. చెప్పులు తెగిపోయినాయి గానీ అది ఆగలే. ఈ పొద్దు నా చేన్లోకి తానే వచ్చి నా కోసరం ఆగింది. ఎట్ల దిగేది?"

నేను తల అటు తిప్పుకుని ముఖం తుడుచుకున్నాను. బురదే అయివుంటుంది.

ఇక చేసేదేముంది, ట్రాక్టరు వచ్చింది. తాడు కట్టి కారును రోడ్డు మీదికి లాగారు. ఇంజను పలకలేదు. తాడు విప్పబోతే మామ వద్దన్నాడు. "మేళం ముందుకు రండప్పా, వాయించండి!" అన్నాడు. ముందు బురద మేళం, వెనక ట్రాక్టరు, దాని వెనక తాడుకు వేలాడుతూ నేనూ మామా. ఊరంతా అరుగుల మీదికెక్కి చూసింది. మామ రెండు చేతులూ ఎత్తి దండాలు పెడుతూనే ఉన్నాడు. బావ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని వెనక నడిచొచ్చాడు. ముహూర్తానికి అందుకున్నాం.

పెళ్లి ఫోటో చూసి బెంగళూరు పాత కార్ల ఆయనొకడు ఫోను చేసి నన్ను హంతకుడన్నాడు. అనుకోనీ. దుప్పటి కింద ఏడాదంతా పడుకున్న కారు ఇప్పుడు ఇంజను బాగుపడి మామ దగ్గర పల్లెలో ఉంది. మడ్‌గార్డులు లేకుండా, జీపు కాళ్లతో, నేరేడుపండు రంగులో శనగచేల గట్ల వెంట తిరుగుతోంది. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు.

అయినా రేణుక పట్టుబట్టింది కాబట్టి, పెద్దల ఎదుట, కుడిచెయ్యి ఆ కారు బానెట్టు మీద పెట్టి ప్రమాణం చేశాను. మీ ఎదుట కూడా చేస్తున్నాను: వాన పడిన మర్నాడు, పట్టుపంచె కట్టుకుని, నున్నటి దోవ పక్కనే ఉండగా, మామను పక్కన కూర్చోబెట్టుకుని తడి రేగడి చేనులోకి స్పోర్ట్స్ కారును ఈ జన్మలో దించను. ఇది ఒట్టు.

పొడి చేను సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.